తొంభైతొమ్మిది అతుకులు

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో ఆన్‌లైన్ ఆటల గురించి మాట్లాడమని ఇక్కడి గ్రంథపాలకురాలు నన్ను అడిగినప్పుడు, ఆమె మనసులో ఉన్నవి రమ్మీలు, పందేలు, వాటిలో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు అని నాకు అర్థమయింది. వాటి గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవారు పోలీసు శాఖలో ఉన్నారు, వైద్యుల్లో ఉన్నారు. నేను మాత్రం ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయని ఒక ఆట గురించి మాట్లాడతానని చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడికి వచ్చాను. అది జిగ్‌సా పజిల్. ఇందులో డబ్బు పోదు, ఎదుటివాడు ఓడిపోడు, రక్తపాతం ఉండదు, పిల్లలు ఆడితే తల్లిదండ్రులు సంతోషిస్తారు, పెద్దవాళ్ళు ఆడితే మెదడుకు మంచిదని పిల్లలు సంతోషిస్తారు. అందువల్లనే దాని పట్టు ఎంత బలమైనదో ఎవరూ మాట్లాడుకోరు.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఒక బొమ్మను 100 ముక్కలుగానో 300 ముక్కలుగానో కోసి తెర మీద చెదరగొడతారు. ప్రతి ముక్కకూ కొన్ని వైపుల బొడిపెలు, కొన్ని వైపుల గుంటలు ఉంటాయి. వేలితోనో మౌస్‌తోనో ఒక ముక్కను లాగి దాని అసలు పొరుగు ముక్క పక్కకు తెస్తే, చిన్న చప్పుడుతో రెండూ అతుక్కుంటాయి. అతుక్కున్నవి ఇక విడిపోవు. ఆట మొత్తం ఇంతే.

నేను 30 ఏళ్ళు డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పినదాన్ని. ఈ ఆట నా చేతికి వచ్చింది 2022లో, మా అత్తగారు స్నానాల గది గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు. శస్త్రచికిత్స అయ్యాక ఆవిడను ఇంటికి తెచ్చుకున్నాం. రాత్రి 10 గంటలకు ఒక మాత్ర, 2 గంటలకు ఇంకొకటి వేయాలి. మధ్యలో ఆవిడ ఎప్పుడు దాహమంటారో, ఎప్పుడు పక్కకు తిప్పమంటారో తెలియదు. ఆ నాలుగు గంటల్లో పుస్తకం చదవడానికి ప్రయత్నించాను కాని, చెవి ఆవిడ మూలుగు మీద, కన్ను పేజీ మీద ఉంటే ఒక పేరానే ఆరుసార్లు చదవవలసి వచ్చేది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఒక జిగ్‌సా సైటు లింకు పంపాడు. రోగి పక్కన కూర్చున్నవారికి అంతకన్నా అనువైన వ్యాపకం నాకు ఇప్పటికీ తోచడం లేదు. ఎక్కడ వదిలేసినా అక్కడే ఆగి ఉంటుంది. కథ మరిచిపోయామన్న బెంగ ఉండదు. లేచి వెళ్ళి వచ్చి ముక్క పట్టుకుంటే చాలు.

మూడు నెలల్లో ఆవిడ కర్ర పట్టుకుని నడవసాగారు, 2 గంటల మాత్ర ఆగిపోయింది. నా ఆట ఆగలేదు. ఎందుకు ఆగలేదన్న ప్రశ్నే ఇవాళ్టి నా ప్రసంగం.

ఈ ఆట పుట్టుక చదువులో ఉంది. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల ముద్రాపకుడు దేశపటాలను పలుచని మహాగని చెక్క మీద అంటించి, దేశాల సరిహద్దుల వెంబడి రంపంతో కోయించి, భూగోళం నేర్పడానికి సాధనాలుగా అమ్మాడు. మూడవ జార్జి రాజు పిల్లల సంరక్షకురాలు లేడీ షార్లెట్ ఫించ్ రాజకుమారులకు ఇలాంటి పటాలతోనే పాఠం చెప్పింది. 150 ఏళ్ళ పాటు అది డబ్బున్నవారి వస్తువు, ఎందుకంటే ప్రతి ముక్కనూ ఒక మనిషి కూర్చుని కోయాలి. అమెరికాలో 1909 నాటికి పెద్దవాళ్ళకు దీని మీద ఎంత మోజు పుట్టిందంటే, పార్కర్ బ్రదర్స్ సంస్థ మిగతా ఆటల తయారీ ఆపి కర్మాగారాన్నంతా ఈ పజిళ్ళకే కేటాయించింది. ఆ తరవాత అట్టను అచ్చుతో ఒక్క దెబ్బకు కోసే పద్ధతి వచ్చింది, ధర పడిపోయింది. 1933 తొలి నెలల్లో, ఆర్థిక మాంద్యం మనుషుల నడుము విరగ్గొట్టిన కాలంలో, ఆ దేశంలో వారానికి కోటి పజిళ్ళు అమ్ముడయ్యాయి. కొనలేనివారు మందుల దుకాణాల్లోనూ అద్దె గ్రంథాలయాల్లోనూ అద్దెకు తెచ్చుకునేవారు. మనం గ్రంథాలయంలో కూర్చుని ఉన్నాం కాబట్టి ఆ చివరి మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఉద్యోగం పోయిన మనిషి 25 సెంట్లు పెట్టి అట్టముక్కలు ఎందుకు కొన్నాడు? 2020లో లాక్‌డౌన్ పెట్టగానే పాశ్చాత్య దేశాల్లో ఈ పెట్టెలకు ఒక్కసారిగా కరవు ఎందుకు వచ్చింది? నాకు తోచిన జవాబు ఒకటే. బయట ఏదీ సరిపడని రోజుల్లో, ప్రతి ముక్కకూ ఒక చోటు ఉందనీ, ఒక్క ముక్క కూడా తక్కువ కాలేదనీ ముందే హామీ ఇచ్చే ప్రపంచం ఇదొక్కటే. వరంగల్లులో వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని తలుచుకోండి. 2006లో రాళ్ళకు అంకెలు వేసి విప్పిన ఆ మండపాన్ని మళ్ళీ నిలబెట్టి ప్రజలకు తెరవడానికి 2024 మార్చి వచ్చింది. విరిగిన వాటి స్థానంలో కొత్తవి చెక్కించవలసి వచ్చింది. నిజమైన ప్రపంచంలో ముక్కలు కలపడమంటే అంత శ్రమ, అంత అనిశ్చితి. తెర మీది బొమ్మలో రాయి విరగదు, ముక్క పోదు, పూర్తి కాదేమోనన్న అనుమానానికి తావే లేదు. ఆ నిశ్చింత కోసమే ఆ రాత్రుల్లో నేనూ దాన్ని పట్టుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. అత్తగారి ఎముక అతుకుతుందో లేదో డాక్టరు కూడా గట్టిగా చెప్పలేదు, నా చేతిలోని ముక్క మాత్రం అతికి తీరుతుంది.

అయితే నిశ్చింత ఒక్కటే ఉంటే నిద్ర రావాలి గాని, దూరం కాకూడదు. అర్ధరాత్రి దాటాక కూడా చేయి ఆగకపోవడానికి కారణం ఈ ఆట లెక్కలోనే ఉందని నా అభిప్రాయం. నా శాస్త్రం అదే కాబట్టి ఆ లెక్క కాస్త విడమరచి చెప్పనివ్వండి.

100 ముక్కలంటే 100 విడివిడి దీవులు అనుకోండి. ఒక్కొక్క అతుకూ రెండు దీవులను ఒకటి చేస్తుంది. 100 దీవులు ఒకటి కావాలంటే 99 అతుకులు కావాలి, ఏ వరసలో కలిపినా సరే. 100 ముక్కల బొమ్మకు నాకు సుమారు 25 నిమిషాలు పడుతుంది. అంటే సగటున 15 సెకన్లకు ఒకసారి, ‘అవును, సరిగ్గా పెట్టావు’ అని ఎవరో చెవిలో అన్నట్టుంటుంది. మనం బతుకులో చేసే పనుల్లో ఇంత తరచుగా, ఇంత నికరంగా మెప్పు దొరికేది ఏదైనా ఉందా? నేను పాఠం చెప్పిన వేల గంటల్లో, పిల్లలకు అర్థమయిందా లేదా అన్నది పరీక్షల దాకా తెలిసేది కాదు. వంట రుచి తినేవారు చెప్పాలి. ఇక్కడ జవాబు చేతికిందే ఉంటుంది. అట్టముక్కల్లో అప్పుడప్పుడు తప్పు ముక్క కూడా సరిపోయినట్టు కూర్చుంటుంది, గంట తరవాత గాని తప్పు బయటపడదు. తెర మీద ఆ మోసం కూడా లేదు. తప్పు ముక్క అతకదు, అతికితే అది తప్పు కాదు.

రెండో లెక్క ఇంతకన్నా ముఖ్యమైనది. ఒక్కొక్క ఖాళీకీ మిగిలిన ముక్కలన్నీ పరిశీలించవలసి వస్తుందనుకుందాం. మొదటి ఖాళీకి 100 చూడాలి, రెండో దానికి 99, అలా చివరికి 1. మొత్తం 5,050 పరిశీలనలు. అందులో మొదటి 50 ముక్కలు కూర్చడానికే 3,775 ఖర్చవుతాయి, మిగిలిన 50 ముక్కలకు 1,275 చాలు. అంటే సగం బొమ్మ అయ్యేసరికి శ్రమలో నాలుగింట మూడు వంతులు అయిపోయినట్టే. రంగులను బట్టి, అంచులను బట్టి మనం పని తగ్గించుకుంటాం కనుక నిజమైన అంకెలు వేరుగా ఉంటాయి గాని, పోకడ ఇదే. బొమ్మ ముందుకు సాగేకొద్దీ అతుకుల మధ్య వ్యవధి తగ్గిపోతుంది. 30 సెకన్లకొకటి పడేది 10 సెకన్లకు, చివరికి రెండేసి సెకన్లకు పడుతుంది. ఏ పనిలోనైనా అలిసేకొద్దీ వేగం తగ్గుతుంది, ఇందులో అలిసేకొద్దీ పెరుగుతుంది. సగం దాటాక జిగ్‌సాను వదిలి లేచినవారిని నేను చూడలేదు. ఆ చివరి వేగం వేళ్ళలో ఉండగానే తరవాతి బొమ్మ కనబడితే, చేయి దానిమీదికి వెళ్ళిపోతుంది. అక్కడ మళ్ళీ మొదటి సగపు నెమ్మది, మళ్ళీ ఆ వేగం కోసం ఎదురుచూపు.

మెదడు శాస్త్రజ్ఞులు ఈ ఎదురుచూపును మరో వైపు నుంచి పరిశీలించారు. స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో వోల్‌ఫ్రామ్ షుల్ట్‌జ్ 1990లలో కోతులకు పండ్లరసం చుక్కలు ఇస్తూ వాటి మెదడులో డోపమిన్ అనే సందేశ రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసం వస్తుందని ముందే ఒక సంకేతంతో తెలిసిపోయినప్పుడు స్పందన రసం దగ్గర కాక సంకేతం దగ్గరే వచ్చింది. ఇస్తారనుకున్నది ఇవ్వకపోతే కణాలు నెమ్మదించాయి. ఆయన జిగ్‌సా మీద ప్రయోగం చేయలేదు, కనుక ఇక్కడి నుంచి నా అన్వయం. ముక్క దొరుకుతుందన్నది ఖాయం, ఏ క్షణాన దొరుకుతుందన్నది ఖాయం కాదు. ఖాయమైన ఫలితం, అనుకోని క్షణం, ఈ రెండూ ఒకేచోట కలిసిన ఆట ఇది. జూదంలో ఫలితమే ఖాయం కాదు గనుక ఆశతో పాటు భయం ఉంటుంది. ఇందులో భయం లేదు, అందుకే కాపలా కూడా లేదు.

ఇంకొక పాత పరిశోధన ఉంది. 1920లలో బెర్లిన్‌లో కుర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర చదివిన ఇద్దరు యువతులు, బ్లూమా జైగార్నిక్, మరియా ఒవ్‌సియాంకినా, మధ్యలో ఆపేసిన పనులు మనిషిని ఏం చేస్తాయో చూశారు. పూర్తికాని పని బాగా గుర్తుంటుందని జైగార్నిక్ 1927లో ప్రకటించింది. పూర్తికాని పనికి మనిషి ఎవరూ చెప్పకుండానే తిరిగి వెళతాడని ఒవ్‌సియాంకినా 1928లో చూపించింది. లోకంలో పేరు మొదటామెకే వచ్చింది. కాని ఆ తరవాత సుమారు వందేళ్ళ ప్రయోగాలను కలిపి చూసిన ఇటీవలి సమీక్షలో, జ్ఞాపకం సంగతి నిలబడలేదు, తిరిగి వెళ్ళడం మాత్రం నిలబడింది. నా అనుభవం ఒవ్‌సియాంకినా వైపే సాక్ష్యం చెబుతుంది. ఆ బొమ్మ గుర్తున్నందువల్ల కాదు, కాళ్ళే టాబ్లెట్ ఉన్న గదిలోకి తీసుకువెళ్ళేవి.

కళ్ళు మూసుకుంటే ముక్కలు కనబడటం మీలో ఎవరికైనా అనుభవమేనా? చేతులు లేస్తున్నాయి. కంగారు పడకండి. హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం 2000 సంవత్సరంలో ఇదే విషయం, తెర మీద పైనుంచి పడే దిమ్మలను ఖాళీ లేకుండా పేర్చే టెట్రిస్ ఆటతో పరీక్షించింది. 27 మందిలో 17 మందికి నిద్రపట్టే వేళ ఆ ఆట రూపాలు కళ్ళ ముందు కదిలాయి. ఆశ్చర్యమేమంటే, కొత్త జ్ఞాపకాలు నిలవని రోగులు 5 గురిలో 3 గురికి, తాము ఆ ఆట ఆడిన సంగతే గుర్తులేకపోయినా, ఆ రూపాలు కనిపించాయి. నాకు కనిపించేవి బొడిపెలు. ఒకనాడు పప్పు తాలింపు వేస్తూ, గట్టు మీద విరిగిన అప్పడం ముక్కలను చూసి ఏ అంచు దేనికి సరిపోతుందో చూస్తూ నిలబడిపోయాను.

ఈ ఆట నాకు ఇచ్చినదాన్ని చెప్పకుండా ఊరుకుంటే అన్యాయమవుతుంది. ఇది నాకు చూడటం నేర్పింది. వాన్ గోహ్ 1889లో వేసిన నక్షత్రాల రాత్రి చిత్రాన్ని నేను ఎన్నోసార్లు చూశాననుకున్నాను. 200 ముక్కలుగా అది ముందుకు వచ్చినప్పుడు గాని, ఆ ఆకాశంలో నీలం ఒకటి కాదనీ, కుంచె గీతలు ఒక్కోచోట ఒక్కో దిక్కుకు ప్రవహిస్తాయనీ తెలియలేదు. గీత వంపును బట్టే ముక్క ఎక్కడిదో చెప్పవచ్చు. మ్యూజియంలో ఒక చిత్రం ముందు మనం నిలబడేది అర నిమిషం. ఇక్కడ అదే చిత్రంతో గంటసేపు, అంగుళం అంగుళం కూర్చుంటాం. మన సొంత ఫొటోలు కోసుకునే వీలు కూడా చాలా సైట్లలో ఉంది. పుష్కర ఘాట్ దగ్గర తెల్లవారుజామున తీసిన ఫొటోను 300 ముక్కలు చేసి చూశాను. పైన ఆకాశం, కింద గోదావరి, రెండూ ఒకే బూడిద రంగు. నీటిలోని ముక్కకు సన్నటి అడ్డగీత ఉంటుంది, ఆకాశపు ముక్కకు ఉండదు. 35 ఏళ్ళుగా ఆ నది ఒడ్డున ఉంటూ ఆ గీతను అంతకుముందు నేను గమనించలేదు.

మరో భాగ్యం కూడా ఉంది. కొన్ని సైట్లలో ఒకే బొమ్మను ఇద్దరు ముగ్గురు వేర్వేరు చోట్ల నుంచి కలపవచ్చు. వేసవిలో ఇక్కడ ఉదయం 7 గంటలైతే న్యూజెర్సీలో ముందు రోజు రాత్రి 9.30. మా మనవరాలు పడుకోబోయే ముందు, నేను కాఫీ తాగుతూ, ఇద్దరం ఒకే బొమ్మ మీద ఉంటాం. ఫోనులో ‘ఏం చేస్తున్నావు’ అంటే ‘ఏమీ లేదు’ అనే పిల్ల, ముక్కలు కదుపుతూ బడిలో జరిగినదంతా చెబుతుంది. అది అంచులు, నేను మధ్య. తెర మీద ఒక ముక్క దానంతటదే కదిలితే, అది దాని వేలు.

ఇక మెదడుకు మంచిదన్న మాట. జిగ్‌సా ఆడితే మతిమరుపు రాదని చెప్పే సందేశాలు వాట్సాప్‌లో మీ అందరికీ వచ్చే ఉంటాయి. జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో 50 ఏళ్ళు దాటిన 100 మందితో చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. జిగ్‌సా కలపడంలో అనేక రకాల మేధాశక్తులు పనిచేస్తాయని, ఏళ్ళ తరబడి ఆడినవారిలో ఆ శక్తులు మెరుగ్గా ఉన్నాయని తేలింది. కాని 30 రోజుల పాటు రోజుకు గంట చొప్పున ఆడించినవారిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడలేదు. చురుకైన మెదడున్నవారే ఈ ఆట ఎంచుకుంటారేమో కూడా. కాబట్టి మందుగా భావించి ఎవరూ ఆడకండి, ఇష్టమైతే ఆడండి.

వ్యసనం అనే మాటను కూడా నేను జాగ్రత్తగానే వాడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల రుగ్మతకు మూడు లక్షణాలు చెప్పింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా దానికే ప్రాధాన్యం పెరగడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం. మామూలుగా ఇవి ఏడాది పాటు ఉండి, బతుకును గట్టిగా దెబ్బతీస్తే గాని అది రుగ్మత కాదు. నాకు ఆ రుగ్మత లేదు. అయినా ఒక సాయంత్రం జరిగినది నేను మరిచిపోలేను. మా అత్తగారు పక్క గదిలోంచి మంచినీళ్ళడిగారు. రెండుసార్లు పిలిచారట. నాకు వినబడలేదు. చివరి 20 ముక్కల్లో ఉన్నాను. ఆవిడే కర్ర పట్టుకుని లేచి, గోడ ఆనుకుంటూ వంటింటి దాకా వచ్చారు. ఏమీ అనలేదు. నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించారు. ఏ మనిషి మూలుగు వినడం కోసం నేను ఆ ఆట మొదలుపెట్టానో, ఆ మనిషి పిలుపే ఆ ఆటలో వినలేదు.

తరవాత చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. అట్టముక్కల పజిల్‌కు దానంతటదే హద్దులుండేవి. వెయ్యి ముక్కల బొమ్మ భోజనాల బల్లను వారం రోజులు ఆక్రమించేది, ఇంట్లో అందరూ దాని పక్కనుంచి నడిచేవారు, ఎవరో ఒకరు ఒక ముక్క పెట్టిపోయేవారు, పూర్తయ్యాక చెడగొట్టబుద్ధి కాక రెండు రోజులు అలాగే ఉంచేవారు. తెర మీద బొమ్మ పూర్తయిన క్షణమే బాణాసంచా పేలుతుంది, పక్కనే తరవాతి బొమ్మ వచ్చి నిలబడుతుంది. గంట కష్టపడి కూర్చిన బొమ్మను ఒక్క నిమిషం కూడా చూడనివ్వరు. నేను ఫోనులో పెట్టుకున్న ఒక యాప్ అయితే, వరసగా ఎన్ని రోజులు ఆడానో లెక్కకట్టి, ఈ రాత్రి ఆడకపోతే ఆ వరస తెగిపోతుందని 11 గంటలకు గుర్తుచేసేది. దాన్ని తీసేశాను. నాకు ఈ ఆటలో దొరికిన ఆనందానికీ ఆ రోజుల లెక్కకూ ఏ సంబంధమూ లేదు, అది నా ఆనందాన్ని వాడుకునే ఏర్పాటు మాత్రమే.

ఇప్పుడు మా ఇంట్లో రోజుకు ఒకే బొమ్మ. మధ్యాహ్నం కాఫీల వేళ టాబ్లెట్‌ను బల్ల మీద నిలబెట్టి, అత్తగారి కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చుంటాను. ఆవిడకు 84 ఏళ్ళు, వేలు వణుకుతుంది కాబట్టి ముక్క లాగడం నా పని, వెతకడం ఆవిడ పని. 70 ఏళ్ళు వాకిట్లో ముగ్గు పెట్టిన కన్ను అది. ఏ గీత ఏ గీతను కలుస్తుందో నాకన్నా ముందు చెబుతారు. ‘ఆ వంకర దానికి కింద పెట్టమ్మా’ అంటారు, పెడితే అతుక్కుంటుంది.

మొన్న మా అబ్బాయి పాత హేవ్‌లాక్ వంతెన ఫొటో పంపాడు. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు నడిచిన ఆ వంతెన ఉక్కు గడ్డర్ల ముక్కలన్నీ ఒకేలా ఉంటాయి. గంటన్నర పట్టింది. పూర్తయ్యాక నేను తరవాతి బొమ్మ నొక్కకుండా దాన్నలాగే ఉంచాను. ఆవిడ కాసేపు చూసి, తన పుట్టిల్లు కొవ్వూరు నుంచి పెళ్ళయ్యాక మొదటిసారి ఆ వంతెన మీద రైల్లో ఇటు వచ్చినప్పుడు, గోదావరిలో వేయమని వాళ్ళ నాన్నగారు చేతిలో పెట్టిన అణా బిళ్ళను వేయబుద్ధి కాక గుప్పిట్లోనే పట్టుకుని స్టేషన్ దాకా వచ్చిన సంగతి చెప్పారు. నేను ఆ ఇంటి కోడలినై 35 ఏళ్ళయింది. ఆ సంగతి అంతకుముందు వినలేదు.